ఓఫాక్ ఆంక్షల వెతుకులాట పేజీ: ముసుగు కంపెనీని పట్టిస్తుందా?

బేరింగులు, వాల్వులు, సర్క్యూట్ బోర్డులు, పారిశ్రామిక రసాయనాలు వంటి సరుకును విదేశాలకు పంపే చిన్న పరిశ్రమలవారు కొత్త కొనుగోలుదారు నుంచి ఆర్డరు రాగానే, ప్రొఫార్మా ఇన్‌వాయిస్ పంపకముందే చూడవలసిన పేజీ ఒకటి ఉంది. అమెరికా ఆర్థిక శాఖలోని విదేశీ ఆస్తుల నియంత్రణ కార్యాలయం దాన్ని నడుపుతోంది. ఎగుమతి పత్రాలతో పని ఉన్నవారంతా ఆ కార్యాలయాన్ని ఓఫాక్ అనే అంటారు. కొరియా యుద్ధంలోకి చైనా దిగిన తరువాత, 1950 డిసెంబరులో, చైనా, ఉత్తర కొరియాల ఆస్తులను స్తంభింపజేయడానికి పుట్టిన ఈ కార్యాలయం ఇప్పుడు అమెరికా ఆంక్షలు విధించిన వేలాది వ్యక్తులు, కంపెనీలు, నౌకలు, విమానాలతో కూడిన జాబితాను నిర్వహిస్తోంది. ఆ జాబితాలో పేరు వెతుక్కోవడానికి రుసుము లేదు, ఖాతా తెరవనక్కర్లేదు, ఫోన్ నంబరు అడగరు. హైదరాబాద్‌లో చిన్న ఇంజనీరింగ్ యూనిట్ల ఎగుమతి పత్రాలు చూసే పనిలో భాగంగా నేను దీన్ని రోజువారీగా వాడుతున్నాను. పేజీ అందంగా ఉందా, వేగంగా తెరుచుకుంటుందా అన్నవి ఇక్కడ పెద్ద విషయాలు కావు. ఆయుధాలనూ వాటి విడిభాగాలనూ చాటుగా కొనడానికే పెట్టిన ముసుగు కంపెనీ మన ముందుకు మామూలు వ్యాపారిలా వచ్చినప్పుడు ఈ పేజీ దాన్ని ఎంతవరకు పట్టిస్తుందన్న ఒక్క కోణంలోనే ఈ సమీక్ష రాస్తున్నాను.

ముందుగా పేజీ రూపం చెప్పాలి. పైభాగంలో రకం, పేరు, గుర్తింపు సంఖ్య, ఆంక్షల కార్యక్రమం, చిరునామా, నగరం, రాష్ట్రం, దేశం, జాబితా అనే గడులు ఉంటాయి. వాటితోపాటు కనీస పోలిక మార్కును ఎంచుకోవడానికి పక్కకు జరిపే మీట ఒకటి ఉంటుంది. పేజీ తెరిచినప్పుడు అది వంద దగ్గర నిలిచి ఉంటుంది. కొత్తగా వాడేవారిని తప్పుదోవ పట్టించేది ఇదే. వంద దగ్గర ఉంచి వెతికితే జాబితాలో ఉన్న పేరును అక్షరం పొల్లుపోకుండా కొట్టినవారికే ఫలితం వస్తుంది, ఒక్క అక్షరం తేడా వచ్చినా ఏమీ దొరకలేదన్న సమాధానమే కనిపిస్తుంది, దాన్ని చూసి మన గుమాస్తా ఫైలు మీద సరే అని రాసేస్తాడు. మీటను ఎంతవరకు తగ్గించాలన్నది ఓఫాక్ చెప్పదు. ఫలానా మార్కు సరిపోతుందని తాము సిఫారసు చేయబోమని తన ప్రశ్నోత్తరాల్లో స్పష్టంగానే రాసుకుంది. నేను కంపెనీల పేర్లకు ఎనభై ఐదు దగ్గర మొదలుపెట్టి, చైనా, కొరియా, ఇరాన్ పేర్లయితే ఇంకా కిందికి దించుతాను. అలా దించిన కొద్దీ సంబంధం లేని పేర్లు కుప్పలుగా వచ్చి పడతాయి, వాటిని ఒక్కొక్కటిగా తెరిచి పక్కన పెట్టే ఓపిక ఉండాలి.

ఈ పోలిక మార్కు ఎలా పుడుతుందో తెలిస్తే పేజీ బలం, బలహీనత రెండూ అర్థమవుతాయి. ఇందులో రెండు పద్ధతులు పనిచేస్తాయి. ఒకటి సౌండెక్స్, మరొకటి జారో-వింక్లర్. సౌండెక్స్ 1918లో అమెరికాలో పేటెంటు పొందిన పాత పద్ధతి. పేరులోని మొదటి అక్షరాన్ని అలాగే ఉంచి, తరువాతి హల్లులను ఉచ్చారణను బట్టి అంకెల్లోకి మారుస్తుంది. అందువల్ల లీ అన్న పేరును అచ్చుల తేడాతో ఎలా రాసినా ఒకే కోడ్ వస్తుంది. కాని కాసిం అన్న పేరును రోమన్ లిపిలో 'కె'తో మొదలుపెడితే ఒక కోడ్, 'క్యూ'తో మొదలుపెడితే మరో కోడ్ వస్తాయి, ఎందుకంటే మొదటి అక్షరాన్ని ఈ పద్ధతి ముట్టుకోదు. జారో-వింక్లర్ పద్ధతి అమెరికా జనగణన సంస్థ పనిలోంచి వచ్చింది. రెండు పదాల అక్షరాలు ఎంత దగ్గరగా ఉన్నాయో లెక్కవేసి, మొదటి అక్షరాలు కలిస్తే కొంచెం ఎక్కువ మార్కు వేస్తుంది. చైనా కంపెనీల పేర్లు చాలావరకు ఊరి పేరుతో మొదలవుతాయి కాబట్టి, దలియన్ అనో షెన్‌జెన్ అనో మొదలయ్యే పేరు కొట్టగానే అదే ఊరితో మొదలయ్యే నిర్దోషి కంపెనీల పేర్లు కూడా మంచి మార్కులతో పైకి తేలడం ఈ లెక్క ఫలితమే. పేరు మొత్తాన్ని ఒకసారి, ముక్కలుగా విడదీసి మరోసారి పోల్చి, వచ్చిన రెండు మార్కుల్లో ఎక్కువదాన్ని చూపించడం మాత్రం మెచ్చుకోదగిన ఏర్పాటు. పదాల క్రమం తారుమారు చేసినంత మాత్రాన పేరు తప్పించుకోలేదు. ఒకే ఇంటిపేరును పదో తరగతి సర్టిఫికెట్లో ఒకలా, పాస్‌పోర్టులో మరోలా రాసుకునే మనకు ఈ సమస్య ఎంత లోతైనదో వేరే చెప్పనక్కర్లేదు.

ఇక ఈ పేజీ విలువ తెలియాలంటే గ్రీన్ పైన్ అసోసియేటెడ్ కార్పొరేషన్ అన్న నమోదును తెరిచి చూడాలి. ఇది ఉత్తర కొరియా ఆయుధ వ్యాపార సంస్థ. 2010 ఆగస్టులో అమెరికా, 2012 మే నెలలో ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి కమిటీ దీన్ని ఆంక్షల్లో చేర్చాయి. ఆ దేశం ఎగుమతి చేసే ఆయుధాలు, సంబంధిత సామగ్రిలో దాదాపు సగం దీని చేతుల మీదుగానే వెళ్తుందని ఐరాస నమోదు చెబుతోంది. జలాంతర్గాములు, సైనిక పడవలు, క్షిపణి వ్యవస్థలు దీని ప్రత్యేకత. అంతకుముందు ప్రధాన ఆయుధ వ్యాపారిగా ఉన్న కోమిడ్ అనే సంస్థను 2009 ఏప్రిల్‌లో ఐరాస ఆంక్షల్లో చేర్చిన తరువాత, దాని పనుల్లో చాలా భాగాన్ని గ్రీన్ పైన్ అందుకుంది. ఒక పేరు మూతపడితే పని మరో పేరుకు బదిలీ కావడం ఈ రంగంలో మామూలే.

నమోదును తెరిస్తే అసలు పేరు కింద మారుపేర్ల పట్టిక ఉంటుంది. చోంగ్సాంగ్ యునైటెడ్ ట్రేడింగ్ కంపెనీ, చోంగ్సాంగ్ యోన్హాప్, జిందల్లే, కుంహేర్యాంగ్ కంపెనీ అంటూ సాగే ఆ పట్టికలో నాచురల్ రిసోర్సెస్ డెవలప్‌మెంట్ అండ్ ఇన్వెస్ట్‌మెంట్ కార్పొరేషన్ అనే పేరు కూడా ఉంది. టార్పెడోలు అమ్మే సంస్థ సహజ వనరుల అభివృద్ధి, పెట్టుబడుల సంస్థగా కొటేషన్ అడిగితే ఎవరికి అనుమానం వస్తుంది? చిరునామా గడిలో మాత్రం ప్యాంగ్యాంగ్‌లోని రికనైసెన్స్ జనరల్ బ్యూరో ప్రధాన కార్యాలయం ద్వారా అని ఉంటుంది. అది ఆ దేశపు గూఢచార సంస్థ. పేరు ఎంత మెత్తగా ఉన్నా చిరునామా గుట్టు విప్పేస్తుందన్నమాట. మారుపేర్లలో ప్రతిదానికీ బలమైనది, బలహీనమైనది అన్న వర్గం కూడా పక్కనే రాసి ఉంటుంది. మరీ సాధారణమైన పేర్లను, నిర్దోషులను కూడా పెద్దసంఖ్యలో పట్టి చూపే పేర్లను బలహీనమైనవిగా గుర్తిస్తారు. ఈ పట్టిక ఒక్కటి చాలు, ఉచితంగా ఇస్తున్నారని ఈ పేజీని చులకనగా చూడకూడదని చెప్పడానికి.

ఇంకో మంచి గుణం గుర్తింపు సంఖ్యతో వెతికే వీలు. కంపెనీకి పేరు మార్చడం పూట పని. ఓడకూ అంతే. ఇరాన్ ప్రభుత్వ నౌకాయాన సంస్థను 2008 సెప్టెంబరులో అమెరికా ఆంక్షల్లో చేర్చినప్పుడు, ఆ సంస్థ తన నౌకలకు పేర్లు మార్చి, జెండాలు మార్చి, యాజమాన్యాన్ని మాల్టా, ఐల్ ఆఫ్ మ్యాన్, హాంకాంగ్ వంటిచోట్ల నమోదైన కంపెనీల కిందికి తరలించింది. కాని నౌకకు అంతర్జాతీయ సముద్రయాన సంస్థ పద్ధతి ప్రకారం ఇచ్చే ఏడంకెల సంఖ్య దాన్ని తుక్కు కింద కోసేవరకు మారదు. బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు నౌకకెక్కినట్టు ఇచ్చే పత్రం) మీద నౌక పేరు మాత్రమే ఉంటే, రవాణా ఏర్పాట్లు చూసే ఫ్రైట్ ఫార్వర్డర్‌ను అడిగి ఆ ఏడంకెల సంఖ్య తెప్పించుకుని గుర్తింపు గడిలో కొట్టడం రెండు నిమిషాల పని. మన దగ్గర చాలామంది కొనుగోలుదారును చూస్తారు, సరుకెక్కే నౌకను చూడరు.

ఇంతవరకు బాగానే ఉంది. ఇప్పుడు ఈ పేజీకి చేతకాని సంగతులు.

అన్నిటికంటే పెద్ద లోటు చిరునామా గడిలో ఉంది. పోలికను దగ్గరదగ్గరగా చూసే లెక్క పేరు గడికే పరిమితం. చిరునామా, నగరం వంటి మిగతా గడులు అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు మాత్రమే సరిచూస్తాయి. రోడ్డు అన్న మాటను పూర్తిగా రాశారా, కుదించి రాశారా, అంతస్తు సంఖ్య ముందుందా వెనకుందా అన్న చిన్న తేడాలకే ఫలితం మాయమవుతుంది. ముసుగు కంపెనీలను పట్టుకోవడానికి చిరునామాకు మించిన ఆధారం లేనప్పుడు ఇది చిన్న లోపం కాదు. హాంకాంగ్‌లో కంపెనీ సెక్రటరీ సేవలు అమ్మే ఒకే గదిలో వందలాది కంపెనీలు నమోదై ఉండడం సర్వసాధారణం. అందులో ఒకదాన్ని ఆంక్షల్లో పెడితే పక్క ఫైలులోని మరో కంపెనీ మర్నాటి నుంచి అదే పని మొదలుపెడుతుంది. ఈ ఆట భరించలేకే అమెరికా వాణిజ్య శాఖ 2024 జూన్‌లో తన నిషేధిత సంస్థల జాబితాలో హాంకాంగ్‌లోని ఎనిమిది చిరునామాలను, ఏ కంపెనీ పేరుతోనూ ముడిపెట్టకుండా, చిరునామాలుగానే చేర్చింది. ఆ గదుల నుంచి ఏ పేరుతో ఆర్డరు వచ్చినా అమెరికా నియంత్రణలో ఉన్న సరుకు పంపాలంటే లైసెన్సు కావాలి. చాలా తెలివైన పని అది. అయితే ఆ చిరునామాలు ఓఫాక్ పేజీలో వెతికితే దొరకవు, ఎందుకంటే అది వేరే శాఖ జాబితా. ఒకే ప్రభుత్వంలోని రెండు శాఖలు రెండు జాబితాలు పెట్టుకుంటే, బాలానగర్‌లో లేత్ మిషన్ల మధ్య కూర్చున్న మనిషి దేన్ని చూడాలి?

దీనికి జవాబుగా అమెరికా వాణిజ్య శాఖ వాళ్లే ఉమ్మడి తనిఖీ జాబితా అని ఇంకో ఉచిత వెతుకులాట పేజీ నడుపుతున్నారు. వాణిజ్య, విదేశాంగ, ఆర్థిక శాఖల జాబితాలన్నీ అందులో ఒకేచోట ఉంటాయి, రోజూ తాజా అవుతుంది, అక్షరదోషాలను కొంతవరకు సర్దుకుంటుంది. పది నిమిషాల సమయం మాత్రమే ఉన్నవారికి నేను ముందు దాన్నే చూడమంటాను. కాని అక్కడ నమోదు వివరాలు పొడిగా ఉంటాయి. మారుపేర్లు, పుట్టినతేదీలు, పాస్‌పోర్టు సంఖ్యలు, అనుబంధ సంస్థలు చక్కగా విడివిడి పట్టికల్లో కనిపించేది ఓఫాక్ పేజీలోనే. కాబట్టి అక్కడ అనుమానం కలిగి, ఇక్కడికొచ్చి తేల్చుకోవడం సరైన వరస.

రెండో లోటు, యాభై శాతం నిబంధన. ఆంక్షల్లో ఉన్నవారికి ఒక కంపెనీలో నేరుగా గాని, మరో కంపెనీ ద్వారా గాని కలిపి యాభై శాతం లేదా అంతకు మించి వాటా ఉంటే, ఆ కంపెనీ పేరు జాబితాలో లేకపోయినా దాన్ని జాబితాలో ఉన్నట్టే పరిగణించాలి. వేరువేరు వ్యక్తుల వాటాలను కూడా కలిపే లెక్కించాలని 2014 ఆగస్టులో ఓఫాక్ వివరణ ఇచ్చింది. అంటే జాబితాలో ఉన్న ఒకరికి ముప్పై శాతం, ఇంకొకరికి ఇరవై ఐదు శాతం ఉన్న కంపెనీ పేరును ఈ పేజీలో వెతికితే శూన్యం వస్తుంది, చట్టం ప్రకారం మాత్రం ఆ కంపెనీ నిషిద్ధమే. ఆ వాటాదారులు ఎవరో తెలుసుకునే మార్గం ఈ పేజీలో లేదు. వాణిజ్య శాఖ కూడా తన జాబితాకు ఇలాంటి నిబంధననే 2025 సెప్టెంబరులో తెచ్చి, నవంబరు 10 నుంచి ఏడాదిపాటు పక్కన పెట్టింది. ఇలా ఒక నిబంధన తెచ్చి ఆరు వారాలకు ఆపేస్తే చిన్న పరిశ్రమవారు తమ పద్ధతులను ఏ లెక్కన దిద్దుకోవాలో అర్థం కాదు.

మూడోది, కారణం చెప్పకపోవడం. నమోదు పేజీలో కార్యక్రమం అన్న గడిలో పొట్టి కోడ్ ఒకటి కనిపిస్తుంది. సామూహిక విధ్వంసక ఆయుధాల వ్యాప్తికి సంబంధించిందైతే ఒకటి, ఉత్తర కొరియాకైతే ఇంకొకటి, రష్యాకైతే మరొకటి. అంతకు మించి ఆ కంపెనీ ఏం చేసిందో ఆ పేజీలో ఉండదు. ఏ తేదీన చేర్చారో కనుక్కుని, ఆనాటి ఆర్థిక శాఖ పత్రికా ప్రకటనను విడిగా వెతికి చదువుకోవాలి. ఈ విషయంలో ఐక్యరాజ్యసమితి జాబితా చాలా నయం. అందులో పేర్లు తక్కువే అయినా ప్రతి నమోదుకూ ఎందుకు చేర్చారన్న వివరణ ఉంటుంది. గ్రీన్ పైన్ గురించి పైన రాసిన వివరాల్లో చాలా భాగం ఆ వివరణలోనివే. ఎవరితో వ్యాపారం మానుకోవాలో చెప్పడం ఒక ఎత్తు, ఎలాంటి పనిని చూసి జాగ్రత్తపడాలో చెప్పడం ఇంకో ఎత్తు. రెండోది తెలిస్తేనే జాబితాలోకి ఇంకా ఎక్కని కంపెనీని గుర్తుపట్టగలం.

అలా గుర్తుపట్టడానికి పాఠంగా పనికొచ్చేది గ్లోకామ్ ఉదంతం. యుద్ధక్షేత్రంలో వాడే రేడియోలు అమ్మే ఈ మలేషియా సంస్థ తన వెబ్‌సైటులో సైనిక, పారామిలిటరీ బలగాలకు ముప్పైకి పైగా రేడియో వ్యవస్థలు అమ్ముతామని బాహాటంగా ప్రకటించుకుంది. కౌలాలంపూర్‌లోని ఆయుధ ప్రదర్శనలో పలుమార్లు పాల్గొన్నామని కూడా చెప్పుకుంది. 2016 జులైలో చైనా నుంచి ఎరిత్రియాకు విమానంలో వెళ్తున్న 45 పెట్టెల సైనిక రేడియో సామగ్రిని ఆపి చూస్తే వాటి మీద గ్లోకామ్ ముద్ర ఉంది. పాన్ సిస్టమ్స్ అనే సంస్థకు చెందిన, ఉత్తర కొరియా గూఢచార సంస్థ నడిపే ప్యాంగ్యాంగ్ శాఖే దీని వెనక ఉందని ఐరాస నిపుణుల బృందం 2017లో తేల్చింది. ఆ సంస్థ ఇచ్చిన చిరునామా కౌలాలంపూర్ లిటిల్ ఇండియా పేటలో ఒక పాత భవనం రెండో అంతస్తు. విలేకరులు వెళ్లి చూస్తే బోర్డు లేని తలుపు తప్ప ఏమీ కనిపించలేదు. సైనిక రేడియోలు అమ్మే సంస్థకు అక్కడ ఫ్యాక్టరీ లేదు, గిడ్డంగి లేదు, బోర్డు కూడా లేదు. ఆ పేటలో బంధువులో స్నేహితులో ఉన్న తెలుగువారిని ఒకసారి అటు వెళ్లి తలుపు కొట్టి రమ్మని అడిగితే తేలిపోయే నిజం అది. ఏ వెతుకులాట పేజీ చేయలేని పని అదే.

ఈ నిపుణుల బృందం ఇప్పుడు లేదన్నది కూడా గుర్తుంచుకోవాలి. 2009లో ఏర్పడిన ఆ బృందం కాలపరిమితిని పొడిగించే తీర్మానాన్ని 2024 మార్చి 28న రష్యా వీటో చేసింది, ఏప్రిల్ నెలాఖరుతో అది ముగిసిపోయింది. అదే ఏడాది అక్టోబరులో 11 దేశాలు కలిసి వేరే పర్యవేక్షణ బృందాన్ని ఏర్పాటు చేసుకున్నాయి గాని, దానికి ఐరాస ముద్ర లేదు. ఇరాన్ విషయంలో ఇందుకు విరుద్ధంగా, పదేళ్ల కిందట ఎత్తేసిన ఐరాస ఆంక్షలు 2025 సెప్టెంబరు చివర్లో తిరిగి అమల్లోకి వచ్చాయి, రష్యా, చైనా మాత్రం వాటిని గుర్తించబోమంటున్నాయి. జాబితాలు ఇంత వేగంగా మారుతున్నప్పుడు నిరుడు చూసిన పేరును ఈ ఏడు మళ్లీ చూడకుండా సరుకు పంపడం ప్రమాదమే.

అమెరికా తనంతట తాను పెట్టుకున్న జాబితాను మనమెందుకు పట్టించుకోవాలని అడిగేవారు ఉంటారు. న్యాయమైన ప్రశ్నే. మన చట్టం ప్రకారం మనల్ని కట్టిపడేసేవి ఐరాస ఆంక్షలు, మన విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ నడిపే స్కోమెట్ జాబితా (ఆయుధాలకూ పనికొచ్చే సరుకుల ఎగుమతి నియంత్రణ జాబితా), 2005 నాటి సామూహిక విధ్వంసక ఆయుధాల చట్టం. 2022లో ఆ చట్టానికి చేసిన సవరణ ఇలాంటి ఆయుధాలకు డబ్బు సమకూర్చడాన్ని కూడా నేరం చేసింది. 2024 అక్టోబరు 30న రష్యా యుద్ధ పరిశ్రమకు తోడ్పడుతున్నారంటూ అమెరికా దాదాపు నాలుగు వందల మంది వ్యక్తులను, సంస్థలను ఆంక్షల్లో చేర్చినప్పుడు అందులో 19 భారతీయ కంపెనీలు ఉన్నాయి. సీఎన్‌సీ యంత్రాలు తయారుచేసే హైదరాబాద్ సంస్థ ఒకటి కూడా వాటిలో ఉండడంతో ఇక్కడి పారిశ్రామికవాడల్లో కొన్నాళ్లు అదే చర్చ నడిచింది. ఆ కంపెనీలు మన చట్టాలను ఉల్లంఘించలేదన్నదే తమ అవగాహన అని భారత విదేశాంగ శాఖ ప్రకటించింది. 2025 నవంబరు 12న ఇరాన్ క్షిపణులకు, డ్రోన్లకు సామగ్రి సేకరిస్తున్న వలల మీద ప్రకటించిన 32 పేర్లలోనూ భారత్‌లో నమోదైన ఒక కంపెనీ ఉంది. అక్కడి వివాదం సోడియం క్లోరేట్, సోడియం పెర్‌క్లోరేట్ అనే రసాయనాల గురించి. క్షిపణుల ఘన ఇంధనానికి కావలసిన పదార్థం వీటి నుంచే తయారవుతుంది. పేరు చదివితే మామూలు పారిశ్రామిక రసాయనాల్లాగే ఉంటాయి.

మన చట్టం అడ్డు చెప్పకపోయినా డాలరు అడ్డు చెబుతుంది. డాలర్లలో జరిగే చెల్లింపు సాధారణంగా న్యూయార్క్‌లోని ఏదో ఒక కరెస్పాండెంట్ బ్యాంకు (మన బ్యాంకు తరఫున అక్కడ డాలర్ల చెల్లింపులు నడిపే బ్యాంకు) గుండా రావాలి. ఇరాన్ క్షిపణి కార్యక్రమానికి గ్రాఫైట్, ప్రత్యేక లోహాలు సరఫరా చేశాడన్న అభియోగం ఎదుర్కొంటున్న చైనా వ్యాపారి లీ ఫాంగ్‌వీ ఉదంతం ఇందుకు తార్కాణం. అతని మొదటి కంపెనీ 2006లో జాబితాకెక్కింది, 2009లో అతనూ ఎక్కాడు. 2014 ఏప్రిల్‌లో అమెరికా అతని తలకు 50 లక్షల డాలర్ల బహుమతి ప్రకటించిన రోజునే అతనివని చెబుతూ మరో ఎనిమిది ముసుగు కంపెనీలను చేర్చింది, వాటికి సంబంధించిన 68 లక్షల డాలర్లకు పైగా సొమ్మును అమెరికాలోని కరెస్పాండెంట్ ఖాతాల్లోనే స్వాధీనం చేసుకుంది. కార్ల్ లీ వంటి అతని మారుపేర్లు ఇప్పటికీ ఈ పేజీలో చూడవచ్చు. కంపెనీల పేర్లు ఎన్ని మారినా డబ్బు నడిచే దారి మారలేదు కాబట్టే సొమ్ము దొరికింది. 2023 డిసెంబరులో వచ్చిన అమెరికా ఉత్తర్వు రష్యా సైనిక పరిశ్రమతో ముడిపడిన లావాదేవీలు చేసే విదేశీ బ్యాంకుల మీద కూడా వేటు వేస్తామని చెప్పిన తరువాత విదేశీ మారకం లావాదేవీలకు అనుమతి ఉన్న మన ఏడీ బ్యాంకులు ఇంకా బిగుసుకుపోయాయి.

ఆ బిగింపు ఎంతవరకు వెళ్లిందంటే, మేము పత్రాలు చూసే ఒక యూనిట్‌కు గల్ఫ్ నుంచి రావలసిన చెల్లింపును వాళ్ల బ్యాంకు కేవలం కొనుగోలు సంస్థ యజమాని పేరు జాబితాలోని పేరును పోలి ఉందన్న కారణంతో వారాల తరబడి ఆపేసింది. అరబ్బు పేర్లలో మహమ్మద్, అలీ, హుస్సేన్ కలిసినవి ఎన్ని ఉంటాయో చెప్పనక్కర్లేదు. చివరికి మాకు అక్కరకొచ్చింది ఈ పేజీయే. నమోదులోని పుట్టినతేదీని, పాస్‌పోర్టు జారీచేసిన దేశాన్ని మా కొనుగోలుదారు పత్రాల పక్కన పెట్టి, రెండూ వేర్వేరు మనుషులవని ఒక పేజీ నోట్ రాసిస్తే బ్యాంకు డబ్బు వదిలింది. బ్యాంకుల దగ్గర ఖరీదైన సాఫ్ట్‌వేర్లు ఉన్నా, పోలిక మార్కు చూసి ఆగిపోతారే తప్ప నమోదు తెరిచి చదివేవారు తక్కువ.

చందా కట్టి వాడే తనిఖీ సేవలు వాటాదారుల చిట్టాలు, అనుబంధ కంపెనీల పటాలు చూపుతాయి. ఏడాదికి పదో పరకో షిప్పింగ్ బిల్లులు వేసే యూనిట్‌కు ఆ ఖర్చు గిట్టదు. దానికంటే కొనుగోలుదారు దేశంలోని కంపెనీల రిజిస్ట్రీలో వాళ్లు ఎప్పుడు పుట్టారో చూడడం మేలు. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద దాడి మొదలైన తరువాత పుట్టి, అంతకుముందు ఈ సరుకు ఎన్నడూ కొనని కంపెనీ ఇంటిగ్రేటెడ్ సర్క్యూట్ల కోసం తొందరపెడితే అనుమానించాలని అమెరికా సంస్థల హెచ్చరికల్లోనే ఉంది. రష్యా ఆయుధాలకు చేరకూడదంటూ అమెరికా, ఐరోపా సమాఖ్య, బ్రిటన్, జపాన్ కలిసి తయారుచేసిన అత్యంత ప్రాధాన్య వస్తువుల జాబితాలో 50 హెచ్ఎస్ కోడ్లు (సరుకు రకాన్ని తెలిపే అంతర్జాతీయ సంఖ్యలు) ఉన్నాయి. 8542.31తో మొదలయ్యే సర్క్యూట్లు అందులో మొదటి వరుస. మీ సరుకు కోడ్ అందులో ఉంటే పేరు వెతకడంతో సరిపెట్టుకోకూడదు, తుది వినియోగదారు ఎవరో రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. తుది వినియోగదారు గడిలో ఫ్రైట్ ఫార్వర్డర్ పేరు కనిపిస్తే ఆర్డరును అక్కడే ఆపాలి.

నా లెక్కలో ఈ పేజీకి ఐదుకు మూడున్నర. మారుపేర్ల పట్టికకు, గుర్తింపు సంఖ్యతో వెతికే వీలుకు, రూపాయి ఖర్చు లేకపోవడానికి ఆ మార్కులు. చిరునామా గడి మొండితనానికీ, మీటను వంద దగ్గర నిలిపి ఉంచడానికీ, కారణం చెప్పని తీరుకూ ఒకటిన్నర తగ్గించాను. వాడేవారు ముందు మీటను కిందికి దించాలి, కంపెనీ పేరుతో ఆగకుండా డైరెక్టర్ల పేర్లు, ఫార్వర్డర్ పేరు, నౌక సంఖ్య, చెల్లింపు పంపే మూడో వ్యక్తి ఉంటే అతని పేరు కూడా కొట్టాలి. ఏమీ దొరక్కపోయినా సరే ఫలితం కనిపించే పేజీని తేదీతో సహా పీడీఎఫ్‌గా తీసి షిప్పింగ్ బిల్లుతోపాటు ఫైలులో పెట్టుకోవాలి. ఓఫాక్ తన పరిధిలోని లావాదేవీల పత్రాలను దాచవలసిన కాలాన్ని 2025 మార్చి 12 నుంచి అయిదేళ్ల నుంచి పదేళ్లకు పెంచింది. అమెరికా కొనుగోలుదారులున్న యూనిట్లు ఆ ఫైళ్లను అయిదో ఏడు దాటగానే తుక్కుకు వేయకుండా ఉంచుకోవడం మంచిది.